నాలుగు అరచేతుల కథ

మా మేనల్లుడికి చెన్నైలో ఉద్యోగం. వారంలో ఐదు రోజులు బుద్ధిగా కారేసుకుని ఆఫీసుకు వెళ్లొస్తాడు. రెండు మూడు నెలలకో ఆదివారం మాత్రం అదే కారేసుకుని శ్రీపెరుంబుదూరు దగ్గరున్న ఇరుంగాట్టుకోట్టై రేసు ట్రాక్‌కి వెళ్తాడు. పందెం కాదు లెండి. డబ్బు కట్టి, నెత్తిన హెల్మెట్ పెట్టుకుని, రోడ్డు మీద చెయ్యకూడని వేగమేదో అక్కడ గిరిగీసిన చోట చేసి, ఆ ముచ్చట తీర్చుకుని ఇంటికొస్తాడు. "పేకాటకన్నా నయమే కదా!" అని మా అన్నయ్య సరిపెట్టుకున్నాడు. వదిన మాత్రం ఇప్పటికీ సరిపెట్టుకోలేదు.

దసరాకి ఇంటికొచ్చినప్పుడు, "టైర్లు అరిగిపోయాయి, కొత్తవి వెయ్యాలి" అన్నాడు.

"వేయించుకో. దానికింత ఆలోచనెందుకు?" అంది వదిన.

ఆలోచన ఉందట. రెండు రకాలు చూసి పెట్టుకున్నాడు. ఒకటి మెత్తటి రబ్బరుది. ట్రాక్ మీద నేలను కరుచుకుని పోతుంది, కానీ తొందరగా అరిగిపోతుంది. రెండోది కాస్త గట్టిది. ట్రాక్ మీద ఒక అడుగు వెనక, మన్నికలోనూ వానలోనూ రెండడుగులు ముందు. ఏది కొనాలో తేలక నెలరోజులుగా నిద్ర పట్టడం లేదట!

"టైరంటే గుండ్రంగా, నల్లగా ఉండేదే కదరా? అందులో రకాలేమిటి, నిద్ర పట్టకపోవడమేమిటి? నువ్వయినా చెప్పమ్మా వాడికి. ఎప్పుడూ ఏదో ఒకటి చదువుతూనే ఉంటావుగా" అని వదిన నా వైపు తిరిగింది.

నాకూ ఏమీ తెలియదు. తెలియదని ఒప్పుకోవడం ఇష్టంలేక, "రెండు రోజులాగి చెబుతాను" అన్నాను. ఆ రెండు రోజులు రెండు వారాలయ్యాయి. ఆ రెండు వారాల ఫలితమే ఇది.

ఒక్కసారి మీ అరచేయి చూసుకోండి. టన్నుకు పైగా బరువుండే కారు నేలను తాకేది ఒక్కో టైరు కింద ఇంచుమించు అంత మేరే. అంటే మొత్తం నాలుగు అరచేతులు. బయల్దేరాలన్నా, మలుపు తిరగాలన్నా, ఎదురుగా పసివాడు పరిగెత్తుకొస్తే ఆగాలన్నా ఆ నాలుగు అరచేతులే దిక్కు. ఇంజను ఎంత గొప్పదయినా, బ్రేకులు ఎంత ఖరీదయినవయినా, ఆ అరచేతులు పట్టు విడిచిన క్షణాన అన్నీ వృథా. ఈ సంగతి తెలిశాక మా వాడి నిద్రలేమి మీద నాకు కాస్త గౌరవం కలిగింది.

అసలు రబ్బరన్నది మొదట్లో ఎందుకూ పనికొచ్చే వస్తువు కాదట. ఎండాకాలం జిగురులా కారిపోయేది, చలికాలం పెంకులా బిగిసిపోయేది. దాన్ని దారిలో పెట్టినవాడు చార్లెస్ గుడ్‌ఇయర్ అనే అమెరికన్. పనిలేని పిచ్చివాడని ఊరంతా నవ్వుతున్నా, అప్పులవాళ్లు జైల్లో పెట్టించినా వదలకుండా ప్రయోగాలు చేసి, 1839లో రబ్బరుకు గంధకం కలిపి వేడి చేస్తే అది కారదనీ, పెళుసెక్కదనీ కనిపెట్టాడు. గంధకం కలిసిన రబ్బరు ముద్ద పొరపాటున వేడి పొయ్యి మీద పడితే ఆ రహస్యం బయటపడిందని ఒక కథ కూడా చెబుతారు. ఇన్ని చేసినా ఆయన 1860లో అప్పులతోనే పోయాడు. ఆయన పేరుతో ఇవాళ వినబడే కంపెనీ 1898లో వేరెవరో పెట్టింది. ఆ కుటుంబానికి దాంతో సంబంధం లేదు. పేరు ఒకరిది, పేలాలు ఇంకొకరివి!

ఆ రబ్బరులో గాలి నింపి చక్రానికి తొడగాలన్న ఆలోచన రాబర్ట్ విలియం థామ్సన్ అనే స్కాట్లండు కుర్రవాడికి వచ్చింది. 1845లో, ఇరవై మూడేళ్ల వయసులో పేటెంటు తీసుకున్నాడు. 1847లో లండన్‌లోని రీజెంట్స్ పార్కులో గుర్రబ్బండికి తగిలించి చూపించాడు కూడా. చప్పుడు లేకుండా బండి నడవడం చూసి జనం ముచ్చటపడ్డారు గాని, అప్పటికింకా మోటారు కారు పుట్టలేదు. అంత మెత్తటి ప్రయాణం అవసరమని ఎవరికీ తోచలేదు. అందరూ మరిచిపోయారు.

నలభై ఏళ్ల తర్వాత బెల్‌ఫాస్ట్‌లో జాన్ బాయ్‌డ్ డన్‌లప్ అనే పశువైద్యుడు తన కొడుకు మూడు చక్రాల సైకిలు రాళ్లబాటలో ఎగిరెగిరి పడడం చూశాడు. తండ్రి మనసు కదా! 1887లో పల్చటి రబ్బరు గొట్టంలో గాలి నింపి చక్రాలకు చుట్టాడు. 1888లో పేటెంటు వచ్చింది. రెండేళ్లకు, ఇది థామ్సన్ ఎప్పుడో కనిపెట్టిందేనని తేలి ఆ పేటెంటు చెల్లకుండా పోయింది. ఈలోపు 1889 మే నెలలో విల్లీ హ్యూమ్ అనే సైకిలు పందెగాడు ఆ గాలి టైర్లు వేసుకుని బెల్‌ఫాస్ట్ పోటీల్లో గెలిచాడు. ఇక చూడండి, అందరికీ అవే కావాల్సొచ్చాయి.

ఇక్కడే నాకో సంగతి తట్టింది. పసివాడి సుఖం కోసం పుట్టిన వస్తువు లోకానికి పందెంలో పరిచయమయింది. అప్పట్నుంచీ రోడ్డు టైరూ, పందెం టైరూ తోడికోడళ్లలా ఒకే ఇంట్లో పెరిగాయి.

కార్ల విషయంలోనూ అంతే జరిగింది. 1895లో పారిస్ నుంచి బోర్డో వెళ్లి తిరిగి పారిస్ చేరే పందెం పెట్టారు. దాదాపు 1,180 కిలోమీటర్లు. ఆంద్రే, ఎద్వార్ మిష్‌లాఁ అనే అన్నదమ్ములు గాలి టైర్లు తొడిగిన కారుతో బయల్దేరారు. దారిపొడుగునా పంక్చర్లే. తెచ్చుకున్న ట్యూబులన్నీ అయిపోయాయి. బహుమతి రాలేదు. కానీ గాలి మీద కారు నడుస్తుందని ఋజువయింది. ఆ అన్నదమ్ముల తెలివి అక్కడితో ఆగలేదు. జనం కార్లు ఎక్కువ తిప్పితేనే కదా టైర్లు అరిగేది! అందుకని 1900లో దారిలో ఎక్కడ తినొచ్చో, ఎక్కడ పడుకోవచ్చో చెప్పే పుస్తకం వేసి ఊరికే పంచిపెట్టారు. ఇవాళ పెద్ద పెద్ద హోటళ్లవాళ్లు నక్షత్రాల కోసం ప్రాణం పెట్టే మిష్‌లాఁ గైడు అదే. టైరు అరగడానికి వేసిన పుస్తకమన్నమాట.

అన్నట్టు, అప్పట్లో టైర్లు నల్లగా ఉండేవి కావు. తెల్లగానో, పాలిపోయిన రంగులోనో ఉండేవి. ఆ కంపెనీ గుర్తయిన టైర్ల బొమ్మమనిషి తెల్లగా ఉండడానికి కారణం అదే. ఇరవయ్యో శతాబ్దం మొదటి ఇరవై ఏళ్లలో రబ్బరులో ఒక రకం మసిపొడి కలిపితే టైరు ఎన్నో రెట్లు మన్నుతుందని తెలిసింది. మనం కాటుకకు పట్టే మసికి దగ్గర చుట్టమే అది. పిల్లకు దిష్టి తగలకుండా కాటుకచుక్క పెడతాం చూడండి, టైరుకు ఒళ్లంతా పెట్టారు.

తర్వాతి పెద్ద మార్పు 1946లో. దాన్ని అర్థం చేసుకోవాలంటే మీ జాకెట్టు గుడ్డ చాలు. నిలువుగా కత్తిరించిన గుడ్డకూ, ఏటవాలుగా క్రాస్ కటింగ్ చేసిన గుడ్డకూ తేడా మనకు తెలియంది కాదు. క్రాస్ గుడ్డ సాగుతుంది. పాత టైర్ల లోపలి దారాల పొరలు అలా ఏటవాలుగా, ఒకదాన్నొకటి దాటుతూ ఉండేవి. టైరు పక్కభాగం వంగితే నేలను తాకే భాగం కూడా మెలితిరిగేది. పైట లాగితే కుచ్చిళ్లు కదిలినట్టు. మిష్‌లాఁ కంపెనీ పేటెంటు తీసుకున్న రేడియల్ టైరులో దారాలను ఒక అంచు నుంచి రెండో అంచుకు నేరుగా వేసి, పైన ఉక్కుతీగల పట్టీ చుట్టారు. పక్కలు వంగుతాయి, అడుగుభాగం మాత్రం నేలకు పరుచుకునే ఉంటుంది. కుచ్చిళ్లకు పిన్ను పెట్టుకున్నట్టు! ఇవాళ మన కార్లన్నిటికీ ఉన్నవి ఈ రేడియల్ టైర్లే.

మన దేశం సంగతికొస్తే, 1936లో హుగ్లీ ఒడ్డున సాహాగంజ్‌లో డన్‌లప్ పేరుతో టైర్ల ఫ్యాక్టరీ వెలిసింది. 1946లో మద్రాసు తిరువొత్తియూరులో కె.ఎం. మామ్మెన్ మాప్పిళ్లై పిల్లలాడుకునే బుడగలు చేయడం మొదలుపెట్టాడు. 1952లో అరిగిన టైర్ల పైతొక్క మార్చే రబ్బరు చేశాడు. తర్వాత టైర్లే చేశాడు. అదే ఎం.ఆర్.ఎఫ్. బుడగైనా టైరైనా రబ్బరులో గాలేగా! ఇవాళ మన సదాశివపేట దగ్గర కూడా ఆ కంపెనీ టైర్లు తయారవుతున్నాయి. రెండో ప్రపంచయుద్ధం నాటి షోలవరం విమానాల రన్‌వే మీద మద్రాసు వాళ్లు ఏళ్ల తరబడి కారు పందేలు నడిపారు. 1990లో ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ వచ్చింది. మావాడు వెళ్లేది అక్కడికే.

ఇంతవరకూ కలిసి కాపురం చేసిన తోడికోడళ్లు మరి ఎక్కడ వేరుపడ్డారు?

మెత్తగా కలిపిన పిండిముద్దను జల్లెడ మీద వత్తి చూడండి. కన్నాల్లోకి దిగుతుంది. గట్టిగా కలిపింది దిగదు. రోడ్డు దగ్గర్నుంచి చూస్తే జల్లెడలాగే గరుకు. మెత్తటి రబ్బరు ఆ గరుకులోకి దిగి పట్టుకుంటుంది. కానీ పిల్లల మెత్తటి రబ్బరు చూశారుగా, పెన్సిలు గీతను బ్రహ్మాండంగా చెరిపేస్తుంది, పుస్తకమంతా తుక్కు రాలుస్తుంది, వారం తిరక్కుండా అరిగిపోతుంది. పట్టుకీ మన్నికకీ మధ్య ఈ బేరం టైరులోనూ తప్పదు. పందెం వాళ్లకు మన్నిక అక్కర్లేదు, పట్టే కావాలి. గాళ్లు ఎందుకు, అవి లేకపోతే ఇంకాస్త రబ్బరు నేలను తాకుతుంది కదా అనుకున్నారు. 1971లో ఫార్ములా వన్ పందేల్లోకి గాళ్లే లేని నున్నటి టైర్లొచ్చాయి. దాంతో రోడ్డు టైరు ఒక దారి, పందెం టైరు ఒక దారి అయ్యాయి.

మరి గాళ్లు దేనికంటారా? వాన కోసం. తడినేల మీద వేగంగా వెళ్లే టైరు కింద నీళ్లు పక్కకి పోయే దారి దొరక్కపోతే ఆ నీటిపొర టైరునే పైకెత్తేస్తుంది. కారు నేల విడిచి నీటిమీద తేలుతుంది. అప్పుడు స్టీరింగు తిప్పినా, బ్రేకు తొక్కినా వినేవాడు లేడు. 1960 దశకంలో అమెరికాలో నాసా వాళ్లు తడి రన్‌వేల మీద విమానాల టైర్లతో పరీక్షలు చేసి, టైరులో గాలి తక్కువయిన కొద్దీ తక్కువ వేగానికే తేలిపోతుందని లెక్క కట్టారు. ఈ ఒక్క వాక్యం గుర్తుపెట్టుకోండి. మళ్లీ దీనితో పని ఉంది.

ఇక మావాడి రెండు టైర్లు. అమెరికాలో అమ్మే కారు టైరు పక్కన అరుగుదల అంకె ఒకటి అచ్చువేస్తారు. ఆ ప్రభుత్వం పెట్టిన నియమం. టెక్సాస్‌లోని శాన్ ఏంజెలో చుట్టూ 640 కిలోమీటర్ల దారిలో, మొత్తం 11,500 కిలోమీటర్లకు పైగా కార్లు వరసగా నడిపి, ప్రమాణంగా పెట్టుకున్న టైరు 100 అయితే ఇది ఎంత అని లెక్కగడతారు. 200 అంటే దానికి రెట్టింపు మన్నుతుందని. మావాడు చూసిన మెత్తటిది 200, రెండోది 300. మామూలు ఇల్లాలి కారు టైర్లకు 400, 500 కూడా ఉంటాయి. అయితే ఆ అంకె కంపెనీ వాళ్లు తామే వేసుకునేది కాబట్టి, ఒక కంపెనీ అంకెను ఇంకో కంపెనీ అంకెతో పోల్చి వేదవాక్యమనుకోకూడదు.

"అయితే 500 వేసుకోరా, పీడా పోతుంది" అన్నాను. పనికిరాదట. ట్రాక్ వేడికి ఆ టైరు లోతుగాళ్ల మధ్యనున్న రబ్బరు ముక్కలు వదులు పళ్లలా కదిలి, కాగి, అంచులు ఊడొస్తాయట. అదీ నిజమే. అటు పూర్తి పందెం టైరు రోడ్డుకు పనికిరాదు. అది వేడెక్కితే గాని పట్టుకోదు. పెనం కాలకుండా వేసిన మొదటి దోసె గతి చూస్తాంగా! అందుకే పందెం వాళ్లు టైర్లకు కరెంటు దుప్పట్లు కప్పి ముందే వేడి చేస్తారు. ఆఫీసు దారిలో ఆ వేడి ఎక్కణ్ణుంచి వస్తుంది? కనక తేల్చాల్సింది 200కీ 300కీ మధ్యనే. ఆ 200 టైరుకు గాళ్లు తక్కువ, లోతూ తక్కువ. కొత్తలో వానను ఏదో తట్టుకుంటుంది, సగం అరిగాక తట్టుకోవడం కష్టం.

ఇక్కడ మావాడు గొంతు తగ్గించాడు. వదిన వంటింట్లో ఉంది.

"అత్తయ్యా, అమ్మతో అనకండి. పోయిన కార్తీకంలో ట్రాక్ నుంచి వస్తుంటే బెంగుళూరు రోడ్డు మీద పెద్ద వాన. ఒక్క క్షణం స్టీరింగు చేతిలో దూదిలా అయిపోయింది. కారు నా మాట వినలేదు. మళ్లీ నేల దొరికింది గాని, ఇంటికొచ్చేదాకా చేతులు వణుకుతూనే ఉన్నాయి."

ఎందుకయిందో వాడికే తెలుసు. ట్రాక్ మీద టైరు కాగితే లోపలి గాలి ఉబ్బి ఒత్తిడి పెరుగుతుంది. పట్టు కోసం కాస్త గాలి తీసేస్తారు. చల్లారాక అది ఉండాల్సినదానికన్నా తక్కువైపోతుంది. తిరుగు ప్రయాణానికి ముందు మళ్లీ నింపాలి. వీడు నింపలేదు. గాలి తక్కువ, గాళ్లు అరిగాయి, పైన వాన. నాసా వాళ్ల లెక్క శ్రీపెరుంబుదూరులోనూ తప్పలేదు.

నేను వాణ్ణి తిట్టలేదు. ఒక్కటే అడిగాను. "ఏడాదిలో నువ్వు ట్రాక్ మీద ఎన్ని గంటలుంటావు? రోడ్డు మీద ఎన్ని గంటలుంటావు? అందులో వాన ఎన్నాళ్లు?"

కాగితం తీసి లెక్కేశాడు. ట్రాక్ మీద అన్నీ కలిపి పది గంటలు దాటలేదు. చెన్నైలో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఎప్పుడు కుండపోత పడుతుందో చెప్పలేం. ఆ రోజుల్లో పక్క సీట్లో ఎవరుంటారో కూడా తెలియదు. ట్రాక్ మీద జారితే పక్కన ఖాళీ నేల ఉంటుంది. రోడ్డు మీద జారితే పక్కన స్కూటరు మీద భార్యాభర్తలుంటారు, మధ్యలో పిల్ల ఉంటుంది.

మర్నాడు 300 టైర్లు తీసుకుంటానన్నాడు. ట్రాక్ మీద రెండు సెకన్లు పోతే పోనిమ్మన్నాడు. చక్రాలతో సహా ఇంకో జత కొని, ట్రాక్‌కి వెళ్లాక మార్చుకోవచ్చట. జీతం పెరిగాక చూద్దామన్నాడు. పట్టుచీరా, ఇంట్లో కట్టుకునే చీరా వేరువేరుగా ఉండడం కన్నా మంచి ఏర్పాటు ఇంకేముంది!

మనకీ పనికొచ్చే మాటలు రెండున్నాయి. టైరు మీద తయారీ గుర్తు చివర నాలుగంకెలుంటాయి. 2319 అంటే 2019వ సంవత్సరం 23వ వారంలో చేసిందని. కొనేటప్పుడు చూసుకోండి. కుక్కరు రబ్బరు వాడకుండా గూట్లో పెట్టినా ఏళ్లు గడిస్తే బిగుసుకుపోతుందిగా, ఇదీ అంతే. రెండోది, గాళ్ల అడుగున చిన్న గట్లుంటాయి. టైరు వాటి దాకా అరిగిందంటే గాడి లోతు 1.6 మిల్లీమీటర్లే మిగిలిందని అర్థం. ఇక ఆ టైరు మార్చాల్సిందే. వానాకాలం ముందు ఇంకాస్త ముందే మార్చడం మంచిది.

వేరుపడ్డ తోడికోడళ్లు మళ్లీ కలిశారా అంటే, ఒకచోట కలవడం మన హైదరాబాదే చూసింది. 2023 ఫిబ్రవరి 11న హుసేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఇ కరెంటు కార్ల పందెం జరిగింది. ఫ్రాన్సుకు చెందిన జాఁ-ఎరిక్ వెర్న్ గెలిచాడు. ఆ కార్ల టైర్లు నున్నటివి కావు. మన కార్ల టైర్లలాగే గాళ్లున్నవి. ఎండకూ వానకూ అదే టైరు. మనం బస్సుల్లో తిరిగే రోడ్డు మీద పందెం కార్లు గాళ్ల టైర్లతోనే పరిగెత్తాయి.

వదినకు మాత్రం ఇదంతా చెప్పలేదు. "గట్టి టైర్లే కొంటున్నాడు" అన్నాను. "అదేదో ముందే కొని ఏడవొచ్చుగా" అని ఊరుకుంది. వాన సంగతి ఇక్కడ రాసేశాను. ఈ పత్రిక ఆవిడ కథల పేజీలు దాటి చదవదని నా ధైర్యం. చదివినా మంచిదే. వాడు బయల్దేరే ముందు "గాలి చూసుకున్నావా?" అని అడిగే మనిషి ఇంట్లో ఒకరుంటారు.